జిరాక్సులో రాని పసుపు

బడి గేటుకు ఎదురుగా జిరాక్సు మిషను పెట్టుకున్న ఆయన్ని పిల్లలంతా జిరాక్సు మామ అంటారు. పదో తరగతి సైన్సులో రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక చదువు మానేసిన మనిషి. ఇప్పుడు ఆ సైన్సు నోట్సే ఆయనకు అన్నం పెడుతోంది.

కూతురు పదో తరగతి. ప్రీ-ఫైనల్లో సైన్సు తప్పింది. అసలు పరీక్షకు మూడు వారాలుంది. అదీ పోతే పిల్లకు ఏడాది పోయినట్టే. పైగా, "తండ్రి పేరు నిలబెట్టింది" అని భార్య అనే మాట ఆయన ఏడాది పొడుగునా వినాలి.

పిల్ల చదవదని కాదు. పొద్దున లేస్తే పసుపు పెన్ను పట్టుకుంటుంది. ముఖ్యమైన వాక్యం మీద గీస్తుంది. పక్క వాక్యాన్ని చిన్నబుచ్చడం ఎందుకని దాని మీదా గీస్తుంది. ఆ పేజీనే నాలుగుసార్లు చదువుతుంది. నాలుగోసారికి ప్రతి వాక్యమూ తెలిసిన మొహంలా కనిపిస్తుంది, 'వచ్చేసింది' అనుకుని పుస్తకం మూసేస్తుంది. పెళ్లిలో కనబడ్డ చుట్టాన్ని చూసి అందరం నవ్వుతాం. పేరు అడిగితేనే నీళ్లు నమిలేది.

ఒక సాయంత్రం స్నేహితురాలి కోసం ఆ నోట్సు కాపీ తీయమంది. ముసలి మిషనుకు పసుపు ఆనదు. కాగితాలు తెల్లగా వచ్చాయి.

"నాన్నా, గీతలన్నీ పోయాయి! ముఖ్యమైనవి ఏవో నా ఫ్రెండుకెలా తెలుస్తుంది?"

"అసలుది నీ చేతిలోనే ఉందిగా, చూసి చెప్పు."

చూసింది. పేజీ అంతా పసుపే. "అన్నీ ముఖ్యమే."

"మరింక పోయిందేముందే?"

ఇంతలో ఎవరో పిల్లాడు కౌంటరు మీద చెయ్యి వేశాడు. "మామా, గుండె గదుల పేజీ!"

"మూడో అరలో నీలం అట్ట, తీసుకో. ఎడమ జఠరిక గోడ మందంగా గీయరా, రక్తాన్ని ఒళ్లంతా తోసేది అదే."

కూతురు నోరు తెరిచింది. "నువ్వు సైన్సు తప్పావు కదా నాన్నా?"

"అప్పుడు చదివానమ్మా, అందుకే తప్పాను. ఇప్పుడు రోజుకు నలభై మంది అడుగుతున్నారు, చెప్పక చస్తానా?"

తెర వెనక వంటింట్లోంచి భార్య అందుకుంది. "చదివినప్పుడు రాలేదు, మానేశాక వచ్చింది. మీ నాన్నవన్నీ అంతే!"

మర్నాటి నుంచి పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎవరు ఏ పేజీ అడిగినా, అందులో ఏముందో చూడకుండా చెప్పి, ఆ తర్వాతే ఇవ్వాలి. మొదటి గిరాకీ మూత్రపిండాలు. తెల్లమొహం వేసింది. వెనకాల నిలబడ్డవాళ్లు కిసుక్కుమన్నారు.

"పరువు పోతోంది నాన్నా."

"ఇక్కడే పోనీ. కొట్లో మార్కులు వెయ్యరు."

తప్పిన ప్రశ్నల్ని పాడైన కాగితాల వెనక రాసి దారానికి గుచ్చేవాడు. రెండు రోజులాగి అవే అడిగేవాడు, చెబితే నాలుగు రోజులాగి మళ్లీ. అప్పుడూ చెబితే ఆ కాగితం దారంలోంచి తీసేసేవాడు, రానిదాన్ని వదిలేవాడు కాదు. పిల్ల ఏడ్చింది, తిట్టింది, ఒకరోజు అన్నం మానేసింది. మూడో వారానికి దారం మీద మూడు కాగితాలే మిగిలాయి. పసుపు పెన్ను మూత మీద దుమ్ము పేరుకుంది.

సైన్సులో ఎనభై రెండు వచ్చాయి. ఆ రోజు భార్య ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అంతకు మించిన సన్మానం లేదు.

టీచరమ్మ పిల్లను కింది తరగతి ముందు నిలబెట్టి, ఎలా చదివావో చెప్పమంది.

"పుస్తకం మూసేసి, అందరి ముందూ తప్పులు చెప్పానండీ."

గదంతా గొల్లున నవ్వింది. "వినయం చూశారా!" అని టీచరమ్మ, పిల్ల చేత తెప్పించిన ఆ పాత నోట్సు ఎత్తి పట్టుకుంది. "ప్రతి లైనూ ఎంత శ్రద్ధగా గీసిందో చూడండి!"

మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు పిల్లల గుంపు.

"మామా, పసుపు పెన్ను!"

"అది జిరాక్సులో రాదురా" అన్నాడు జిరాక్సు మామ.

"పర్లేదు మామా, చదువుకోవడానికే!"