వనపర్తి అమ్మాయి ఉద్యోగం

అమీర్‌పేటలో నేనున్న లేడీస్ హాస్టల్లో ఎవరికీ పేర్లుండేవి కావు. అంతమంది పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక హాస్టల్ ఆంటీకి లేదు, ఊరి పేరుతోనే పిలిచేది. "ఏమ్మా గద్వాలా, ఇంకెంతసేపు ఆ స్నానం?" అని బయట నుంచి తలుపు కొడితే అది నన్నే. నా పక్క మంచం అమ్మాయి వనపర్తి. ఆమెది అసలు వనపర్తి కూడా కాదు, అక్కడ దిగి ఆటో పట్టుకుని ఇంకా లోపలికి పోవాల్సిన పల్లె. వేరుశనగ పండించే మెట్ట రైతుల ఇల్లు. నాకిప్పటికీ ఆమె వనపర్తి అమ్మాయే.

నేను ఎంసీఏ ముగించి ఆ ఏడు వానాకాలంలో హైదరాబాదు వచ్చాను. మాది గద్వాలలో మగ్గం ఇల్లు. నాయన నేసేవాడు, అంచు పోగులు కలపడానికి అమ్మ పక్కన కూర్చునేది. నన్ను మాత్రం కాళ్లు పెట్టుకునే ఆ మగ్గం గుంటలోకి దిగనిచ్చేవాడు కాదు. "నీకెందుకు బిడ్డా గిది, సదువుకో పో" అనేవాడు. చదివాను. మా వీధిలో అంతదాకా చదివిన ఆడపిల్లను నేనే. రైలెక్కేటప్పుడు వీధి వీధంతా, ఇక ఉద్యోగం వచ్చేసినట్టే మాట్లాడింది.

వచ్చిన కొన్నాళ్లకే అమెరికాలో బ్యాంకులు మూతపడుతున్నాయని పేపర్లో పడింది. ఆ బ్యాంకులకూ నాకూ ఏమిటి సంబంధమో మొదట్లో అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కోచింగ్ సెంటర్ గోడ మీద, ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలు అంటించే చోట కొత్త ఫొటోలు ఆగిపోయాయి. పాతవి అట్లాగే వెలిసిపోయాయి.

పొద్దున నీళ్ల కోసం వరుస. తర్వాత ఉప్మా. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసు. ఒక హాల్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే సారు మైకులో పాఠం చెప్పేవాడు, వెనక వరుసలకు బోర్డు కనిపించేది కాదు. క్లాసు అయిపోయాక రోజంతా ఖాళీ. ఆ ఖాళీకే నేను భయపడేదాన్ని. బస్సెక్కి మాదాపూర్ పోయేదాన్ని. అద్దాల మేడల ముందు దిగి గేటు దగ్గర వాచ్‌మన్‌కు బయోడేటా ఇచ్చేదాన్ని. కొందరు తీసుకుని వెనకనున్న అట్టపెట్టెలో పడేసేవారు. కొందరు చేయి కూడా చాపకుండా "మెయిల్ చేయండి మేడం" అనేవారు. మేడం అన్నప్పుడు మరీ కష్టమనిపించేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఎక్కడ విప్పాలో తెలిసేది కాదు. ఆడపిల్ల ఒక్కతే బస్టాపులో కూర్చుని అన్నం తింటుంటే దారిన పోయేవాళ్లంతా చూస్తారు. కొన్నిసార్లు విప్పకుండానే తెచ్చి హాస్టల్ వెనక కుక్కకు పెట్టేదాన్ని.

ఎప్పుడో ఒకసారి ఇంటర్వ్యూ దాకా పోయాను. మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగారు. మొదలుపెట్టాను కానీ మగ్గానికి ఇంగ్లీషు మాట గుర్తు రాలేదు. చేతులాడించి చూపించాను. ఎదురుగా ఉన్నాయన మర్యాదగానే నవ్వాడు. మళ్లీ కబురు రాలేదు.

ఆదివారం నాయన ఫోన్ చేసేవాడు.

"ఏమన్న తెలిసిందా బిడ్డా?"

"ఇంక లేదు నాయనా. చూస్తున్న."

"చూడు, చూడు. తొందరేం లేదు."

అంతే. ఫోన్లో మగ్గం చప్పుడు వినిపించేది కాదు. నా జవాబు కోసం అమ్మ కూడా చేయి ఆపి వింటోందని తెలిసేది.

ఈ బాధలేవీ వనపర్తి అమ్మాయికి లేవనుకునేదాన్ని. ఇంజనీరింగు చదువుతుండగానే ఒక పెద్ద కంపెనీ ఆమెను కాలేజీకొచ్చి ఎంపిక చేసుకుంది. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, డబ్బా పట్టుకుని, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయేది. నాకు కుళ్లుగా ఉండేది. ఉద్యోగం ఉన్నవాళ్లకు మాతో మాటలెందుకుంటాయిలే అనుకునేదాన్ని.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఉద్యోగాల పేపర్ చూద్దామని చిక్కడపల్లి లైబ్రరీకి పోయాను. ఆడవాళ్లు కూర్చునే బల్ల దగ్గర, గోడ వైపు తిరిగి, ఆమె. ముందు పుస్తకం తెరిచి ఉంది, చూపు అందులో లేదు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఇయ్యాల ఆఫీసు లేదా?" అన్నాను, ఏమనాలో తోచక.

"ఏ దినం గూడ లేదు," అంది.

బయట మెట్ల మీద కూర్చుని చెప్పింది. కంపెనీ చేరే తారీకు వాయిదా వేసింది. మళ్లీ వేసింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. సాయంత్రాలు ఏదో అపార్టుమెంటులో పిల్లలకు ట్యూషన్ చెప్పి హాస్టల్ ఫీజు కట్టుకుంటోంది.

"ఇంట్ల చెప్పొచ్చు గదా?"

"ఎట్ల చెప్పాలె? బస్సు ఆగేకాడ నా ఫొటో పెట్టి ఫ్లెక్సీ కట్టిండ్రు. మా అన్న ఇంటరు బంద్ పెట్టి ట్రాక్టర్ ఎక్కిండు, నన్ను సదివిచ్చెతందుకు. గిప్పుడు పోయి, అదంత ఉత్తదే అన్నా అని చెప్పాల్నా?"

ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి తిరిగాం. అన్నం తినడానికి ఒకరికొకరు తోడయ్యాం. ఒక కంపెనీ నేరుగా ఇంటర్వ్యూలు చేస్తుందని ఎవరో చెబితే తెల్లారగానే పోయాం. అప్పటికే రోడ్డు కనిపించకుండా జనం. ఎండెక్కాక గేటు కొంచెం తెరవగానే వెనకవాళ్లు తోసుకొచ్చారు. ఆమె చెప్పు తెగి ఎక్కడో పడిపోయింది, ఫైలు కింద పడితే తొక్కుకుంటూ పోయారు. గేటు మూసేశారు. పోలీసులొచ్చి పొమ్మన్నారు. ఆమె ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు కాలే తారు మీద పెట్టి బస్టాపు దాకా నడిచింది. నా చెప్పులు వేసుకోమంటే వినలేదు. మధ్యలో ఒక్కసారి ఆగి, రెండో చెప్పు కూడా విప్పి చెత్తకుండీలో పడేసింది.

ఎండలు ముదిరాక ఆమె అన్న వచ్చాడు.

మేము లైబ్రరీలోనే ఉన్నాం. ఫోన్ మోగితే ఇద్దరం బయటికొచ్చాం. అవతలి గొంతు నాకూ వినిపించింది. "మీ కంపెనీ గేటు కాడున్న. జర బయటికి రా. అమ్మకు కడుపునొప్పి లేస్తే పట్నం తెచ్చినం. దవాఖానల పండుకోబెట్టి వచ్చిన."

"వస్తున్న, ఆగు" అని పెట్టేసింది. నా చేయి పట్టుకుని బస్సెక్కించింది. దారి పొడుగునా ఒకటే మాట. "వేరే బిల్డింగుల మీటింగుకు పోయినమని చెప్త. నువ్వు గూడ అట్లనే అను. అంటవ్ గదా?" సరేనన్నాను.

గేటుకు ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఒక మనిషి తలమీద తువ్వాల వేసుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. ఆమెకంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో, ఎండకు ముఖం ముదిరిపోయింది.

"అన్నా, నేను వేరే బిల్డింగుల..."

"తెల్సిందిలే," అన్నాడు. "కంప్యూటర్ల చూసిండ్రు. నీ పేరు లేదన్నరు. మంచిగ చూడుండ్రి సార్, మా చెల్లె ఈడనే చేస్తదన్న. మళ్ల చూసిండ్రు. పాపం, మంచోళ్లే."

ఆమె రోడ్డు మీద నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఆయన అటూ ఇటూ చూసి, తలమీది తువ్వాల తీసి ఆమెకిచ్చాడు.

"ముఖం తుడ్సుకో. అమ్మ తాన పోదాం. అమ్మకేం చెప్పకు, గిప్పుడొద్దు."

పెద్ద సర్కారు దవాఖాన. వాళ్లమ్మకు వరండాలో మంచం దొరికింది. ఎండు కట్టెలా ఉంది, కడుపు మాత్రం ఉబ్బింది. కూతుర్ని చూడగానే పక్క మంచం ఆమెతో, "గిదే నా బిడ్డ. కంపెనీల జేస్తది," అంది. అన్న వరండా బయటి వైపు తిరిగాడు.

ఆపరేషన్ చేయాలన్నారు. పేగు చెడిపోయిందన్నారు. వనపర్తి అమ్మాయి తల్లి దగ్గర ఉంటానంటే తల్లి ఒప్పుకోలేదు.

"సెలవులు పెట్టకు బిడ్డా. గిన్ని దినాలు పెడితె నౌకరి తీసేస్తరు. నీ దోస్తు ఉన్నది గదా, ఈ పిల్ల చూసుకుంటది. నువ్వు పో."

ఎంత చెప్పినా వినలేదు. కూతురు కదలకపోతే మందు మింగేది కాదు. చివరకు అన్నే అన్నాడు, "పో చెల్లె" అని. అట్లా పొద్దున్నే ఆమె ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, తల్లికి చెప్పి, మెట్లు దిగి పోయేది. పోయి కింద సైకిల్ స్టాండ్ పక్కన అరుగు మీద కూర్చునేది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు పైకొచ్చేది. రోజంతా తల్లి దగ్గర నేనుండేదాన్ని. నోరు తడిపేదాన్ని, జుట్టు దువ్వేదాన్ని, నర్సు చెప్పిన సీసా తేవడానికి పరుగెత్తేదాన్ని. ఆ వరండా నుంచి తొంగిచూస్తే కింద ఆమె కనిపించేది. ఎండ జరిగినకొద్దీ తనూ జరిగి కూర్చునేది.

"నీకు గూడ కంపెనీల నౌకరేనా?" అని ఒకరోజు అడిగింది తల్లి.

"లేదమ్మా. చూస్తున్న."

"దొరుకుతది తియ్. మా బిడ్డతోని చెప్పిస్త. వాళ్ల పెద్దసారుకు చెప్తది." అని నా చేతి మీద తట్టింది. నేను తల ఊపాను.

అన్న ఒకసారి మందుల వరుసలో నిలబడి నన్ను అడిగాడు. "ఎప్పటి సంది చెల్లె గిట్ల?"

"మొదటి సందే అన్నా. చేరనే లేదు."

వరుసలో ఒక అడుగు ముందుకు జరిగాడు. "ఒక్క మాట నాతోనన్న చెప్పకపాయె. నేనేమన్న కొడుదునా?" అన్నాడు. కోపం కాదు అది. నేనది మరిచిపోలేదు.

ఆపరేషన్ అయ్యాక తల్లి లేవలేదు. జ్వరం పట్టుకుంది. మాట ముద్దగా అయింది. అప్పుడు కూడా పొద్దున కూతురు ముఖం చూసి, చేయి పైకెత్తి పో, పో అన్నట్టు ఊపింది. ఆమె దిగిపోయింది. మధ్యాహ్నం డాక్టర్లు పరుగున వచ్చారు, నన్ను పక్కకు జరిపారు. నేను వరండా అంచుకు పోయి కిందికి అరిచాను. సైకిల్ స్టాండ్ చప్పుళ్లలో వినపడలేదు. అన్న మెట్లు దూకుతూ పోయాడు. ఆమె పైకొచ్చేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు.

ఆమె ఏడ్వలేదు. తల్లి కాళ్ల దగ్గర నిలబడి, "ఈడనే ఉంటిని గదమ్మా. కిందనే ఉంటిని" అని మెల్లగా చెబుతూనే ఉంది.

శవాన్ని తీసుకుపోయే బండిలో నేనూ ఎక్కాను. ఆమె నా చేయి వదల్లేదు. జడ్చర్ల దాటాక రోడ్డు రెండువైపులా దున్నిన ఎర్రనేలలు. అన్న ముందు సీట్లో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పల్లెలో ఇంటి ముందు అప్పటికే టెంటు వేశారు. బస్సు ఆగేచోట ఫ్లెక్సీ ఇంకా ఉంది, ఎండకు రంగులు పోయి ఒక మూల ఊడి వేలాడుతోంది.

దహనం అయ్యాక పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన అన్నాడు, "పిల్ల కంపెనోళ్లు ఒక్కరు గూడ రాకపాయిరి? అంత పెద్ద కంపెనీ అంటిరి."

అన్న కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టాడు. "కంపెనీ లేదు, ఏం లేదు పెదనాయనా. వాళ్లు పిల్వలే. నా చెల్లె ఇగ ఈడనే ఉంటది."

ఆమె గడప లోపల కూర్చుని ఉంది, విన్నది. తల దించుకోలేదు, ఎత్తలేదు. ఆ వాకిట్లోనే ఒక ముసలమ్మ "అయ్యో, ఆ తల్లికి తెల్వకుంటనే పాయె" అంది. ఆ మాట సానుభూతో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను అక్కడి నుంచి హైదరాబాదు పోలేదు. వనపర్తిలో బస్సెక్కి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఇంటికి పోయాను. నది సన్నగా, బండల మధ్య పారుతోంది. నాయన మగ్గం మీదున్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పేశాను.

"నౌకరి లేదు నాయనా. వచ్చేటట్టు గూడ లేదు. ఈడనే ఉంట. మగ్గం నేర్చుకుంట."

ఆయన చేతులు ఆగాయి. "మగ్గం మీద బతుకు ఉంటే నిన్ను పంపుదునా బిడ్డా?" అన్నాడు. "ఈడ ఏమున్నది? పో మళ్ల." అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. నాకు అన్నం పెట్టేటప్పుడు ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. కొన్నాళ్లుండి తిరిగి పోయాను, ఏదో దొరుకుతుందని కాదు, ఉండమనేవాళ్లు లేక.

హాస్టల్లో వనపర్తి అమ్మాయి మంచం మీద అచ్చంపేట అమ్మాయి ఉంది. మళ్లీ అదే నీళ్ల వరుస, అదే మాదాపూర్ బస్సు. మరుసటి ఏడు ఒక బీమా ఆఫీసులో, రోజంతా కాగితాల్లోని వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని దొరికింది. నా చదువుతో దానికి పని లేదు. చేరిన రోజు నాయనకు చెప్పాక వనపర్తి అమ్మాయికి ఫోన్ చేశాను. వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోందని విన్నాను.

"నౌకరి వచ్చిందే," అన్నాను.

వెనక పిల్లలు అరుస్తున్నారు. "మంచిగైంది," అంది. తర్వాత ఎవరినో "కూసోండ్రి!" అని గట్టిగా కసిరింది. "క్లాసుల ఉన్న, మళ్ల చేస్త."

సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే పెట్టుకున్నాను. ఆమె చేయలేదు. తర్వాత కూడా చేయలేదు. నేనూ చేయలేకపోయాను.