మాగి వస్తుందన్నారు

ఆ రోజుల్లో తెలుగు నాకు బాగా వచ్చనుకునేదాన్ని. కన్నడసీమలోని బంగారు గనులు ప్రభుత్వం చేతికొచ్చిన కొన్నేళ్లకు ఏలూరు నుంచి ఆండర్సన్‌పేట బడికి టీచరుగా వచ్చాక ఆ గర్వం మూడు నెలలు కూడా నిలవలేదు. పిల్లలు తమిళం, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడితే నేను పాఠంలో భాష మాట్లాడేదాన్ని. గదికొస్తే పలకరించే దిక్కు లేదు. గోడమీది కేలండర్‌తో కష్టసుఖాలు చెప్పుకునేదాన్ని (అది శ్రద్ధగానే వినేది). చివరికి రాజీనామా ఉత్తరం సగం రాసిపెట్టాను.

నేను అద్దెకున్న ఇంటావిడ గని సైరన్ కంటే ముందే లేచి అరిచేది కనుక వీధంతా ఆమెను సైరనక్క అనేవారు. ఓ ఆదివారం రాగులు చెరుగుతూ, "ఇంగ మాగి వచ్చేస్తాదమ్మా. వస్తే రెండు నెల్లు కదల్దు," అంది. ఆంగ్లో ఇండియన్లు చాలామంది ఉన్న ఆ ఊళ్లో మేగీ అనే పేరు మామూలే. ఏ నర్సునో నాతోపాటు అద్దెకు పెడుతోందనుకున్నాను. "ఎక్కడ పడుకుంటుందండీ?" అన్నాను. "యాడేమి, నీ మంచంలోకే దూరుతాది!" అని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉత్తరం పక్కన పడేశాను. అలమరలో సగం ఖాళీ చేశాను, రెండో దిండు కొన్నాను, అద్దం ముందు నిలబడి నాలుగు ఇంగ్లీషు మాటలు వల్లించాను.

పది రోజులకు, తెల్లారగానే, "టీచరమ్మా, మాగి వచ్చేసినాది!" అని కేక. మంచి చీర కట్టుకుని పరుగెత్తాను. వీధిలో పొగమంచు తప్ప ఎవరూ లేరు.

"ఎక్కడండీ?"

"యాడేమమ్మా, నీ పండ్లు టకటకమంటా ఉండాయి కదా!"

మాగి అంటే నడి చలికాలమట. కన్నడం వాళ్ల మాట, అక్కడి తెలుగువాళ్లదీ అదే. (ఆడమనిషికీ చలికీ ఒకే 'వస్తుంది' వాడే మన భాషదీ ఇందులో కొంత తప్పుంది.) సంగతి తెలిసి సైరనక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే నా గదిలోకి తొంగిచూసి, రెండో దిండు దగ్గర ఆగిపోయింది.

"ఎవురో వస్తారని కాసుకోని ఉంటివా తల్లీ?"

సాయంత్రం ఉత్తరం పూర్తి చేద్దామని కూర్చుంటే, ఆమె చేట, రాగులు పట్టుకుని నా గదిలోకి వచ్చేసింది. "మా ఇంట్లో ఒకటే చలి. ఈడ్నే కూకుంటా," అంది. నిజానికి నా గదే ఎక్కువ చలి. మాగి పోయేదాకా రోజూ అలాగే వచ్చింది. నేను ఆ ఊళ్లో పదకొండేళ్లున్నాను.

ఇప్పుడు సైరనక్క వయసు నాకొచ్చింది. మంచి చీర కట్టుకుని, పళ్లు కొట్టుకుంటూ, పొగమంచులో మనిషి కోసం వెతుకుతున్న ఆ పిల్ల తలపుకొస్తే ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత, వెళ్లి దాని భుజాల చుట్టూ ఒక దుప్పటి కప్పాలనిపిస్తుంది.