కర్పూరం ఆర్పిన వెంగయ్య

ఆ పొద్దున తల్లి చచ్చిన గొర్రెపిల్లను వెంగయ్య ఇంకో గొర్రెకు అలవాటు చేస్తున్నాడు. గొర్రె తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పిల్ల మూతిని పొదుగు కిందికి తోశాడు. గొర్రె ఎగిరి తన్నింది. "తాగనీవే, నీ సొమ్మేం పోతాది?" అని తిట్టాడు. పిల్ల కాసిని పాలు తాగాక నడుం పట్టుకుని లేచి, మందను కొండవైపు తోలుకుపోయాడు. సాయంత్రం మంద తనంతట తానే ఊళ్లోకి వచ్చింది. వెంగయ్య రాలేదు.

శవం ఇల్లు చేరకముందే ఊరు తీర్పు చెప్పేసింది. "బిళ్ళలోడు, ఇంకెట్ట పోతాడు?" అన్నారు. అన్నవాళ్లలో సగంమంది అతని మందను తమ చేలల్లో రాత్రిళ్లు పడుకోబెట్టించుకుని, ఆ ఎరువుతో పంటలు తీసినవాళ్లే. చెప్పాల్సినవన్నీ అతని భార్య మాలకొండమ్మ వాళ్లకు ముందే చెప్పింది. అప్పుడు వినడానికి వాళ్లకు తీరిక లేకపోయింది.

కొన్నేళ్ల కిందట, కాలు విరిగిన పొట్టేలును భుజాన వేసుకుని ఉదయగిరి కొండ దిగుతూ వెంగయ్య జారిపడ్డాడు, నడుముకు దెబ్బ తగిలింది. డాక్టరు వారానికని రాసిన నొప్పి బిళ్ళను మెడికల్ షాపు చంద్రమోహన్ ఏళ్ల తరబడి ఇచ్చాడు. చీటీ అడిగే చెడ్డ అలవాటు చంద్రమోహన్‌కు లేదు. మొదట నొప్పికి వేసుకున్న బిళ్ళ, తర్వాత నడవడానికి కావలసి వచ్చింది. చివరికి అది లేకపోతే మంచం మీంచి లేవలేని స్థితి వచ్చింది. ఒక పూట తప్పితే ఒళ్లంతా చెమటలు, విరేచనాలు, ఎముకల్లో పీకుడు.

మాలకొండమ్మ అతన్ని నెల్లూరు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు నాలుక కింద పెట్టుకునే వేరే బిళ్ళ ఇచ్చాడు. ఇది పీకుడును ఆపి మనిషిని నిలబెడుతుందనీ, చాలాకాలం వాడాలనీ, సొంతంగా మానేస్తే ప్రమాదమనీ చెప్పాడు. నెల తిరిగేసరికి వెంగయ్య కడుపునిండా తిన్నాడు, గొర్రెలతో సరసాలాడాడు. చిక్కల్లా ఒక్కటే. వారం వారం నెల్లూరు పోవాలి. అతను బస్సెక్కిన రోజల్లా మంద ఆమె నెత్తిన పడేది.

ఆ బిళ్ళ దగ్గర్లో ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆమె వింజమూరు దాకా తిరిగింది. ఖాళీ కవరు చూపిస్తే షాపులవాళ్లు ఆమెను దొంగను చూసినట్టు చూశారు. చివరికి చంద్రమోహన్ దగ్గరికే వచ్చింది.

"అన్నా, ఇది తెప్పించి పెట్టు. డాక్టరు చీటీ ఉండాది."

"అమ్మో, ఇది మత్తుది మాలకొండమ్మా. ఇది పెడితే నా లైసెన్సు పోతాది. పాతది కావాల్నా? ఎన్నయినా ఇస్తా."

"పాతది మాన్పించేదానికి గదన్నా ఇది!"

"ఏమో తల్లీ, మాది రూల్సు ప్రకారం నడిచే షాపు."

ఈ తిరుగుడుతో సంగతి ఊరంతా పాకింది. ఒక శనివారం వెంగయ్య నెల్లూరు నుంచి వచ్చి బస్సు దిగగానే శ్రీకృష్ణ నాయుడి మనుషులు అతన్ని ఆయన వాకిట్లోకి తీసుకుపోయారు. ఊళ్లో ఎక్కువ పొలం నాయుడిది. ఎవరిని బాగుచెయ్యాలో నిర్ణయించే హక్కూ ఆయనదే. ఆయన రోజూ పుచ్చుకునే బ్రాందీ మాత్రం ఆరోగ్యం కోసం. కబురంది మాలకొండమ్మ పరుగెత్తుకొచ్చేసరికి పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది.

"ఒక బిళ్ళ మానేదానికి ఇంకో బిళ్ళా? సారా మాన్పించేదానికి బ్రాందీ తాపినట్టుండాది" అన్నాడు నాయుడు. వాకిలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

"నాయుడా, డాక్టరు మానొద్దన్నాడు" అంది ఆమె.

"డాక్టరొచ్చి మీ మంద తన చేలో కట్టించుకుంటాడా మే? రేయ్ వెంగయ్యా, ఏ బిళ్ళా ముట్టనని కర్పూరం ఆర్పు. లేదంటే నీ జీవాలు ఈ ఊరి చేలల్లో పడుకోవు."

వెంగయ్య అరచెయ్యి పెట్టి కర్పూరం ఆర్పాడు. ఆ రోజు తెచ్చుకున్న బిళ్ళలు నాయుడి పేడకుప్పలోకి పోయాయి.

మర్నాడు దొడ్డి దగ్గర ఆమె బతిమాలింది. "నేను పోయి తెస్తానయ్యా. ఎవురికీ తెలీదు."

"కర్పూరానికి తెలుసు గదే" అన్నాడు.

ఆ తర్వాత అతను వణుకుతుంటే ఊరు మెచ్చుకుంది. వాంతులు చేసుకుంటుంటే పొగిడింది. మగాడంటే వెంగయ్యేనని నాయుడు వచ్చినవాళ్లందరికీ చూపించాడు. కొన్ని వారాలు అతను పళ్లు కరుచుకుని ఉన్నాడు. నడుం నొప్పి మాత్రం ఏ ప్రమాణమూ చెయ్యలేదు. చివరికి ఒకరోజు చంద్రమోహన్ దగ్గరికి పోయాడు. పాపం నొప్పంటున్నాడని చంద్రమోహన్ పాత బిళ్ళలే పొట్లం కట్టి ఇచ్చాడు. మంద తోలుకుపోయిన ఆ రోజు కొండ కింద వెంగయ్య ఒకప్పుడు వేసుకున్నన్ని బిళ్ళలూ ఒక్కసారే వేసుకున్నాడు. మధ్యలో అలవాటు తప్పిన ఒళ్లు అన్నింటినీ తట్టుకోలేదు. ఊపిరి ఆగిపోయింది.

"ఒట్టు తప్పినాడు, దేవుడు ఊరుకుంటాడా?" అన్నాడు నాయుడు పాడె దగ్గర. అక్కడున్నవాళ్లంతా తలలూపారు. ఊళ్లో ఎవరి తప్పూ లేదని తేలిపోయాక అందరికీ ఆకలైంది.

పెద్దకర్మ అయ్యాక ఒక శనివారం మాలకొండమ్మ పొట్టేళ్లను అమ్మడానికి ఆత్మకూరు పోయింది. బస్టాండు దగ్గర ఎవరో చెయ్యి పట్టుకున్నారు. నెల్లూరు డాక్టరు దగ్గర పనిచేసే నర్సు రెబెకమ్మ.

"ఏమ్మా, మీ ఆయన రావడంలేదే? ఇంత దగ్గరికొచ్చినా రాకపోతే ఎట్ట?"

"ఎక్కడికక్కా?"

"డాక్టరుగారు శనివారం శనివారం ఇక్కడే గదా కూర్చునేది. అదిగో, ఆ మేడమీద. నెల్లూరికి కడాసారి వచ్చినప్పుడు నేనే చెప్పినా. ఎంత సంబరపడినాడో! ఇంక పొద్దున వచ్చి మధ్యాహ్నానికి మంద కాడికి పోతానక్కా, మా ఆడమనిషికి ఎండ తప్పింది అన్నాడు."

ఆ రోజు సాయంత్రమే అతను నాయుడి వాకిట్లో కర్పూరం ఆర్పాడు. ఆత్మకూరు మాట ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు.

మాలకొండమ్మ బోసి నుదుటిని రెబెకమ్మ ఇంకా గమనించలేదు.

"తర్వాత వారమే ఇక్కడ మొదలుపెట్టినాం" అంది. "మొట్టమొదట పిలిచింది ఆయన పేరే."