నాలుగో గంటకి గరిటెడు రసం

టూర్తియేర్ అనే మాంసం రొట్టెని బ్లాండీన్ ఎప్పుడు చేసినా ఇరవై మందికే చేసేది. తక్కువ మందికి చెయ్యడం ఆవిడకి చేతకాదు. సేంజాన్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో ఎవరికీ చేతకాదు లెండి. అదేమన్నా గిన్నెడు చారా, ఒక్క మనిషికి కాచుకోవడానికి? పంది మాంసం, దూడ మాంసం, దొరికితే కుందేలు, అన్నీ వేలి కొసంత ముక్కలుగా కొయ్యాలి. ఉల్లిపాయలు కలిపి ముందురోజే నానబెట్టాలి. బంగాళాదుంప ముక్కలు చేర్చాలి. లోతైన పెద్ద ఇనప పాత్రలో పిండి పరిచి, ఇదంతా నింపి, పైన మళ్ళీ పిండి కప్పి, నడిమధ్య వేలు పట్టేంత కన్నం పెట్టాలి. పొద్దున ఆరింటికి ఓవెన్లోకి వెళ్తే మధ్యాహ్నం రెండింటికిగానీ బయటికి రాదు. ఒక్క మనిషి కోసం ఇంత చాకిరీ ఎవరు చేస్తారు?

బ్లాండీన్ చేసేది. డెబ్బై రెండేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో తోడంటే ఒక ముసలి పిల్లి. ఏటా జనవరి ఒకటిన తెల్లవారుతూనే లేచి, ఇరవై మందికి సరిపడా చేసి, వంటింటి బల్ల దగ్గర ఒక్కతే కూచుని ఒక మూల తినేది. మిగిలింది కోసి, కాగితాల్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేది. ఇక ఈస్టర్ పండగ దాకా అదే తిండి. మార్చి నెల వచ్చేసరికి ఆ వాసనకే కడుపులో తిప్పేదట. అయినా పారెయ్యడానికి మనసు రాదు, ఎవరికైనా పంపడానికి మొహం చెల్లదు.

మొహం ఎందుకు చెల్లదో ఊళ్ళో ఇద్దరికే తెలుసు. బ్లాండీన్ మాత్రం తనొక్కదానికే తెలుసనుకునేది.

తల్లి పోయినప్పుడు బ్లాండీన్‌కి పద్దెనిమిదేళ్ళు. నలుగురు తమ్ముళ్ళనీ తనే పెంచింది. వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఎవరిళ్ళు వాళ్ళకి ఏర్పడ్డాయి. కానీ జనవరి ఒకటిన మాత్రం అందరూ అక్క చేతి టూర్తియేర్ కోసం తండ్రి ఇంటికి రావలసిందే. ఏడాది పొడుగునా ఎవరికీ గుర్తుకురాని మనిషి ఆ ఒక్క రోజూ ఆ ఇంటికి మహారాణి. తన బతుక్కి అదొక్కటే గొప్ప, మరి.

చిన్న తమ్ముడు ఓవిలా ఎక్కడో దక్షిణాన, త్రువా రివియేర్ నుంచి రొలాండ్ అనే అమ్మాయిని చేసుకొచ్చాడు. ఆ వైపు వాళ్ళు మాంసం మెత్తగా కొట్టి చిన్న చిన్న పళ్ళేల్లో కాల్చి దాన్నే టూర్తియేర్ అంటారు. మా వాళ్ళు ఊరుకుంటారా? "పళ్ళు లేనివాళ్ళ తిండి కదమ్మా అది, మీ ఊళ్ళో అందరూ ముసలాళ్ళేనా?" అని కొత్త కోడల్ని ఏడిపించి చంపారు. ఆ పిల్ల నవ్వి ఊరుకుని, నాలుగు రోజుల తర్వాత నోటుపుస్తకం పట్టుకుని బ్లాండీన్ దగ్గరికొచ్చింది.

"వదినా, నాకు నేర్పించవా? ఈసారి జనవరికి నేను చేస్తాను. నువ్వు కాలు మీద కాలేసుకుని కూచో."

మంచి మనసుతోనే అంది. బ్లాండీన్ చెవికి మాత్రం అది మరోలా వినిపించింది. ఈ పిల్లకి వచ్చేస్తే తమ్ముళ్ళందరూ అటే పోతారు, ఇక తన గడప ఎవరు తొక్కుతారు?

అన్నీ చెప్పింది. ఏ మాంసం ఎంత, పిండి ఎంత మందం, ఉప్పు ఎప్పుడు, అన్నీ చెప్పింది. ఒక్కటి దాచింది. ఓవెన్లో పెట్టిన నాలుగో గంటకి ఆ కన్నంలోంచి, ఎముకలు మరిగించిన రసం గరిటెడు వేడివేడిగా పొయ్యాలి. పొయ్యకపోతే లోపల ముక్కలన్నీ ఎండిపోతాయి. రొలాండ్ మాత్రం అడిగింది, పాపం: "ఈ కన్నం దేనికి వదినా?"

"ఆవిరి పోవడానికి," అంది బ్లాండీన్.

ఆ జనవరిలో రొలాండ్ చేసిన టూర్తియేర్ నోట్లో పెట్టుకుంటే ఇసకే. "పార తెమ్మంటావా?" అన్నాడు ఓవిలా. అందరూ పడీ పడీ నవ్వారు. రొలాండ్ నవ్వలేదు, ఏడవలేదు. బల్లకి అటువైపు నుంచి ఆడబిడ్డ వైపు అలా ఒక చూపు చూసింది. బ్లాండీన్ తల దించుకుంది.

అంతే. గెలిచింది గదా, సంతోషంగా ఉండొద్దూ? ఉండలేకపోయింది. మరుసటి ఏడు తండ్రి పోయాడు. పండగ భోజనాలు ఓవిలా ఇంటికి మారాయి. డిసెంబరు రాగానే రొలాండ్ ఫోన్ చేసేది: "వదినా, ఒకటో తారీకున రా." ఒక ఏడు జలుబు, ఒక ఏడు మోకాళ్ళు, ఒక ఏడు పిల్లికి బాగాలేదు. అసలు సంగతి వేరు. ఆ పిల్ల ఏటా ఇసక వండి పెడుతుంటే అందరూ ఆమెని చూసి నవ్వుతుంటే, ఆ బల్ల దగ్గర కూచుని చూడలేక. చెప్పేస్తే పోయేది. ఒక ఏడు గడిచాక చెప్పడం కష్టమైంది, పదేళ్ళు గడిచాక నోరే పెగల్లేదు. ఓవిలా పోయినప్పుడు కూడా చర్చిలో చివరి వరసలో కూచుని, శవపేటిక బయటికి రాకముందే ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత రొలాండ్ ఫోన్లు ఆగిపోయాయి. నాలుగేళ్ళయింది. బ్లాండీన్ ఇప్పటికీ డిసెంబరులో ఫోన్ ఉన్న గదిలోనే కూచుని అల్లుకుంటుంది.

ఈసారి డిసెంబరులో తలుపు తట్టింది ఉగెట్. మహిళా సంఘం కార్యదర్శి, ఊరంతటికీ చుట్టం, నోరు మూతపడదు. మా చర్చి కట్టి నూరేళ్ళయిన సందర్భంగా ఊరి వంటల పుస్తకం వేస్తున్నారు. అచ్చుకి వెళ్ళబోయే కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది.

"నీ పేజీ ఒకసారి చూసుకో బ్లాండీన్. ఎల్లుండి అచ్చుకి పంపిస్తున్నాం."

"నేనేం రాసివ్వలేదే?"

"నువ్వెందుకిస్తావ్, మహా పిసినారివి. మీ రొలాండ్ ఇచ్చింది. పేరు నీదే పెట్టమంది. ఎంత మంచి మనిషో చూడు."

పైన పెద్ద అక్షరాలతో ఉంది: "బ్లాండీన్ గారి టూర్తియేర్. ఇరవై మందికి." కింద ఆవిడ ఆనాడు చెప్పింది చెప్పినట్టు, మాట పొల్లుపోకుండా ఉంది. కన్నం దేనికో కూడా ఉంది. ఆవిరి పోవడానికట. నాలుగో గంట మాట లేదు.

బ్లాండీన్ గుండె గుభేల్మంది. మూడు వందల పుస్తకాలు. మూడు వందల వంటిళ్ళలో ఇసక. ఊరంతా పారలు తెచ్చుకుని, "బ్లాండీన్ గారిదట" అని నవ్వుతుంది. తను పోయాక కూడా నవ్వుతుంది. దిద్దుదామంటే ఉగెట్ ఎదురుగానే కూచుని ఉంది, ఇదెందుకు మారిందని అడక్కుండా వదిలే రకం కాదు. పైగా మారిస్తే రొలాండ్‌కి తెలిసిపోతుంది.

"రేపిస్తాలే," అంది.

ఆ మర్నాడు పొద్దున్నే మంచులో మూడు వీధులు నడిచి రొలాండ్ ఇంటికి వెళ్ళింది. ముప్పై రెండేళ్ళలో ఆ మూడు వీధులు దాటడం అదే మొదటిసారి. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. తలుపు తెరుచుకోగానే అన్నీ ఎగిరిపోయాయి. రొలాండ్ జుట్టంతా నెరిసిపోయింది. చేతికర్ర పట్టుకుంది. లోపలికి రమ్మంది గానీ కోటు విప్పమనలేదు. మా ఊళ్ళో కోటు విప్పమనకపోతే కూచోమనలేదన్నట్టే. బ్లాండీన్ వంటింటి గుమ్మంలో చేతిసంచీతో అలాగే నిలబడింది. బల్ల చుట్టూ ఇరవై కుర్చీలు పట్టే పెద్ద వంటిల్లు అది. ఒక కుర్చీ దగ్గరే కాఫీ కప్పు ఉంది.

"అది తప్పు," అంది బ్లాండీన్ కాగితం చూపించి. "ఒకటి లేదు అందులో."

"నువ్వు చెప్పిందే రాశాను. ఒక్క మాట మార్చలేదు."

"నేనే చెప్పలేదు. నాలుగో గంటకి వేడి రసం పొయ్యాలి. మర్చిపోయి కాదు. కావాలనే చెప్పలేదు."

రొలాండ్ కుర్చీలో కూచుంది.

"నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"రెండో ఏడే కనుక్కున్నాను. కన్నం ఊరికే ఎందుకు పెడతారు, నాకు ఆ మాత్రం బుర్ర లేదా? అప్పట్నించీ బాగానే వస్తోంది. మీ తమ్ముళ్ళు లొట్టలేసుకుంటూ తినేవాళ్ళు, అచ్చం అక్కదే అని."

బ్లాండీన్ గోడకి చెయ్యి ఆనించుకుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఇసక తినలేదు. ఎవరూ నవ్వలేదు. తను ఎవరి మొహం చూడలేక ఇంట్లో మగ్గిందో ఆ మనిషి పరువుగా వండి పెడుతూనే ఉంది.

"నాకెవ్వరూ చెప్పలేదే."

"చెప్పొద్దన్నాను. నువ్వే వచ్చి చెబుతావని ఎదురు చూశాను. ఏటా నీకొక కంచం పెట్టేదాన్ని, తెలుసా? పిల్లలు అడిగేవాళ్ళు, ఇదెవరిదని." రొలాండ్ కాఫీ కప్పు పక్కకి నెట్టింది. "అన్నేళ్ళు పిలిస్తే రాలేదు. ఇప్పుడు నీ పేరు పాడవుతుందనేసరికి ఒక్క రాత్రి తెల్లారగానే వచ్చావు. అందుకే అలా రాసిచ్చాను. వస్తావో రావో చూద్దామని."

అన్నదంతా నిజమే. బ్లాండీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఓవిలా చివర్లో నీ చేతిది ఒక్క ముక్క కావాలన్నాడు," అంది రొలాండ్, ఇటు చూడకుండా. "నిన్నడగమన్నాడు. నేను అడగలేదు. కోపం. నాది పెట్టి, అక్క పంపిందని చెప్పాను. నమ్మి తిన్నాడు. కాబట్టి నేనూ ఒకటి దాచాను. ఇద్దరికీ సరిపోయింది."

బ్లాండీన్ సంచీలోంచి పెన్సిల్ తీసి, నిలబడే, బల్ల మీదికి వంగి, కాగితం అంచున ఆ ఒక్క వాక్యం రాసింది. పైన తన పేరు పక్కన రొలాండ్ పేరు కూడా రాసింది.

రొలాండ్ కాగితం చదివి మడిచింది.

"కోటు విప్పు వదినా," అంది. "చెమట పట్టేస్తోంది నీకు."

జనవరి ఒకటిన రొలాండ్ ఇంట్లోనే చేశారు. తక్కువ చేద్దామని ఇద్దరూ అనుకున్నారు. పిండి ఎంత, మాంసం ఎంత అని లెక్కలేసి లెక్కలేసి విసిగిపోయి, ఆఖరికి ఆ పెద్ద పాత్రే దించారు. రొలాండ్ పిల్లలు మాంట్రియల్ నుంచి ఫోన్లు చేశారు, దారులన్నీ మంచే, రాలేమని. బతికున్న తమ్ముళ్ళిద్దరిలో ఒకడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఒకడికి మనుషులే గుర్తు లేరు. పది గంటలయ్యేసరికి రసం మరిగింది. రొలాండ్ గరిటె బ్లాండీన్ చేతికిచ్చింది. బ్లాండీన్ కన్నంలోంచి కొంచెం కొంచెంగా పోసింది. ఒక చుక్క కూడా బయట పడలేదు.

రెండింటికి బల్ల దగ్గర ఎదురెదురుగా కూచున్నారు. రొలాండ్ మూడు కంచాలు పెట్టింది. అలవాటట. మూడోది ఎవరిదో బ్లాండీన్ అడగబోయి, అర్థమై ఊరుకుంది. అది ఏటా తన కోసం ఖాళీగా పెట్టే కంచమే, ఇప్పుడు దాని ముందు తనే కూచుని ఉంది. ఈ ఏడు తనకని కొత్తగా పెట్టిన కంచం పక్కన ఖాళీగా ఉంది.

బాగా కుదిరింది. ముక్క నోట్లో వెన్నలా జారింది. ఇద్దరూ కలిసి ఒక మూల కూడా పూర్తి చెయ్యలేకపోయారు. పాత్రలో పద్దెనిమిది మంది తిండి అలాగే పొగలు కక్కుతూ ఉంది.

"అప్పుడే చెప్పి ఉంటే," అంది బ్లాండీన్.

"ఆఁ," అంది రొలాండ్. ఇంకో ముక్క కోసి ఆవిడ కంచంలో వేసింది.