చిక్కుడు ఆకుల్లో తీగ

పదకొండేళ్లుగా నా చెవిలో ఒక టిక్కు టిక్కు మోగుతోంది. డాక్టరుకు చూపిస్తే చెవి బాగానే ఉందన్నాడు. చెవి బాగానే ఉంటుంది. బాగా లేనిది మనిషి. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, నలుగురిని నవ్వించడం తప్ప వేరే విద్య రాదు. ఆ విద్యతోనే ఒక ముసలామెను ఊరు దాటించాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

చొప్పదండి దగ్గర మా ఊళ్లో నాకు అరెకరం కూరగాయల తోట ఉంది. పక్కనే పశువులు మేతకు పోయే బాట. టమాటా నారు పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక బర్రె దూరి తినేది. ఎవరో కావాలనే తోలుతున్నారని నా అనుమానం. ఎవరు? రోజుకొకరిని అనుకునేవాణ్ని. ఇచ్చోడ వైపు చేలల్లో అడవిపందులకు పెట్టే కరెంటు కంచె చూసి, ఆ మిషన్ ఒకటి తెచ్చాను. బ్యాటరీతో నడుస్తుంది, క్షణానికోసారి టిక్కుమంటుంది. ప్రాణం తీయదు. తాకిన పశువు ఎగిరి దూకుతుంది, అంతే.

మరి దాచాల్సిన పనేముంది? ఉంది. కంచెను బాటలోకి రెండు మూరలు జరిపాను. అందుకే సన్నటి తీగను చిక్కుడు ఆకుల్లో కనబడకుండా లాగి, దానికి బెల్లం నీళ్లు కూడా పూశాను. ముక్కుతో తాకితేనే కదా పశువు నేర్చుకునేది. నేర్చుకున్నాయి. వారం తిరిగేసరికి ఊరి పశువులన్నీ అక్కడికి రాగానే బెదిరి వెనక్కి మళ్లేవి.

బాటకు అవతల లచ్చవ్వ ఇల్లు. ఒంటరి మనిషి, పాలు అమ్ముకుని బతికేది. ఆమె రెండు బర్రెలు వాగు వైపు మేతకు పోయేవి కాబట్టి బెదరలేదు. ఊరి అనుమానానికి అది చాలు.

ఒక పొద్దున చాయ్ హోటల్లో, పశువులు అక్కడెందుకు బెదురుతున్నాయని మాట వచ్చింది. ఎవరో నా వైపే చూసినట్టు అనిపించింది. నోరు ఊరుకోలేదు.

"గా లచ్చవ్వ గుడ్లురిమి సూస్తె నేనే ఉరుకుత. బర్లెంత?"

అందరూ నవ్వారు. ఒక్కడు నవ్వలేదు. నాలుగు రోజులకు ఆమె గడప ముందు కోసిన నిమ్మకాయలు కనిపించాయి. ఎవరి బర్రె పాలు తగ్గినా ఆమె పేరే. పాలు కొనేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. మంత్రాలు చేస్తుందనే మాట నేను అనలేదు. నిజమే, అనలేదు. ఇన్నేళ్లూ ఈ ఒక్క ముక్క పట్టుకుని నిద్రపోవాలని చూశాను.

ఆమె ఒకసారి అమ్ముడుపోని పాల క్యాన్‌తో నా తోట దగ్గరికి వచ్చింది.

"కొడుకా, గీ టిక్కు టిక్కు ఏంది?"

"గడియారం, పెద్దవ్వా. టమాటలకు టైం తెల్వాలె గద."

ఆమె నవ్వలేదు. చిక్కుడు ఆకుల వైపు చాలాసేపు చూసింది.

"నువ్వన్నది నవ్వులాటకే అని గా హోటల్ల నలుగురికి జర చెప్పు. నాకు గంతే సాలు."

"రేపే చెప్త."

చెప్పలేదు. చెబితే, మరి పశువులెందుకు బెదురుతున్నాయని అడుగుతారు. తీగ బయటపడుతుంది, నేను కలుపుకున్న బాట బయటపడుతుంది. ఆమెకు తెలిసిపోయిందా? తెలిసే, పంచాయితీ పెట్టడానికి నా నోటి నుంచి రాబట్టాలని చూస్తోందా? నేను ముంచిన మనిషినే నేను అనుమానించాను, చూడండి. నెల తిరక్కుండా బర్రెలు అమ్మేసి, కరీంనగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమె పోయిన వారానికి భయమేసి, తీగ పీకేసి కంచె వెనక్కి జరిపాను. తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాను. పశువులు మెల్లగా మళ్లీ ఆ బాటన నడిచాయి. ఊరంతా అది చూసింది.

"సూసినవా? ఆమె పోయింది, పసులు బాగైనయి," అన్నారు హోటల్లో. అప్పటిదాకా సగం నమ్మినవాళ్లు కూడా పూర్తిగా నమ్మారు. నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను.

తీగ నాది. మాట నాది. కరీంనగర్ బస్సు రోజూ మా తోట ముందు నుంచే పోతుంది. ఇంకా ఎక్కలేదు, ఎక్కుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకూ తెలుసు. ఇది రాసినంతసేపు మాత్రం చెవిలో చప్పుడు లేదు.