అల్లుడు గారు బిగించిన గేర్‌బాక్స్

మా మామగారి మర్యాద వల్ల ఒక గేర్‌బాక్స్‌ను మూడుసార్లు విప్పాల్సి వచ్చింది. తప్పు నాదే అనుకోండి, కానీ అందులో మర్యాదకీ సగం వాటా ఉంది.

ఆయన ధవళేశ్వరం దగ్గర ఒక రైసుమిల్లులో ముప్పై ఏళ్లు ఇంజన్లు చూసుకున్న మనిషి. పెళ్లినాటి నుంచీ ఒకటే బండి, వీధి చివరికి వినిపించే పాత మూడొందల యాభై సీసీది. ఏటా పెళ్లిరోజున మా అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కొనుక్కొచ్చేవారు. అత్తగారు పోయి రెండేళ్లయింది. ఆయన చేతులకు వణుకొచ్చింది. ఆయనా, ఆయన బండీ రాజమండ్రిలో మా ఇంటికి వచ్చేశారు. బండి మాత్రం మూడో గేరులో నిలవకుండా న్యూట్రల్‌లోకి జారిపోయే జబ్బుతో సహా వచ్చింది.

"ఈసారి పెళ్లిరోజుకి నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆత్రేయపురం తీసుకెళ్తారా అండీ?" అని ఒకరోజు అడిగారు. పదిహేనేళ్లలో ఆయన నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

మెకానిక్‌కి ఇస్తే రెండు రోజుల పని. కానీ నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద టార్క్ లెక్కలు చేయిస్తున్న మేధావికి మెకానిక్ ఎందుకు? పైగా ఫోన్లో నలభై వీడియోలు చూశాను. ఒక వీడియోలో పెద్దమనిషి చొక్కాకి మసి అంటకుండా గంటలో ముగించాడు. నాకు విప్పడానికే రెండు ఆదివారాలు పట్టింది. ఆవకాయ కలిపే బేసిన్‌లో కిరోసిన్ పోసి గేర్ల పళ్లచక్రాలు, అంటే పినియన్లు, నానబెట్టాను. అది చూసి మా ఆవిడ నావైపు చూసిన చూపుకి వాటి తుప్పు దానంతటదే వదిలి ఉండాలి.

నేను పనికి కూర్చున్నప్పుడల్లా మామగారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఇదే గేర్‌బాక్స్‌ను తన చేతులతో నాలుగుసార్లు విప్పి బిగించిన మనిషి. నేను పానా ఎటు తిప్పాలో తెలియక తంటాలు పడుతుంటే, "మీకు తెలియనిదేముందండీ" అనేవారు. నేనది నిజమే అనుకునేవాణ్ణి.

లోపల గేర్లను పక్కకు జరిపే ఫోర్కు అరిగిపోతే మార్చాను. షాఫ్టుల మీద పినియన్లు ఎక్కించాను. మూత పెట్టబోతుంటే ఆయన రెండుసార్లు దగ్గారు.

"కాఫీ తాగొచ్చి ఇంకోసారి చూసుకుంటారేమోనండీ."

కాఫీ తాగాను. బాగుంది. వచ్చి మూత బిగించేశాను.

నేనేమీ పరాయి దేశం నుంచి రాలేదు, గోదావరి జిల్లాలోనే పుట్టి పెరిగాను. ఇక్కడ పులుసులో ఉప్పు ఎక్కువైతే "చాలా బాగుందండీ, కాస్త మజ్జిగ ఉంటే పోయండి" అంటాం. ఇల్లు అంటుకున్నా "ఏమండీ, ఓసారి బయటికొస్తారా" అనే పిలుస్తాం. మా ప్రిన్సిపాల్‌తో ఇన్నేళ్లుగా నేను మాట్లాడుతున్నదీ ఆ భాషే. అయినా నా బుర్రకెక్కలేదు.

కిక్కు కొట్టగానే బండి లేచింది. మొదటి గేరు పడింది, రెండోదీ పడింది. మూడోది వేయగానే లోపల ఎవరో రాళ్లు నములుతున్నట్టు చప్పుడు. మళ్లీ విప్పాను. నా కళ్లకి అన్నీ సరిగ్గానే కనిపించాయి. ఆయన మళ్లీ కాఫీ మాట ఎత్తారు. నేను మళ్లీ తాగి, మళ్లీ అలాగే బిగించాను. మళ్లీ రాళ్లు.

రేపు పెళ్లిరోజనగా, మూడోసారి విప్పి కూర్చున్న నన్ను చూసి మా ఆవిడకి ఓపిక నశించింది. "ఏంటి నాన్నా ఇది? తప్పెక్కడుందో నీకు తెలుసు కదా?"

ఆయన తల వంచుకున్నారు. "మధ్య పినియన్ తిరగేసి ఎక్కించారమ్మా. మొదటిసారే చూశాను."

"మరి చెప్పొచ్చు కదా!"

"అల్లుడు గారికి నేను తప్పు చెప్పడమేంటమ్మా. బాగుంటుందా?"

ఆ ప్రయాణం కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి దాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు గానీ, నన్ను చిన్నబుచ్చడానికి ఒప్పుకోలేదు. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది. "మీ మిల్లులో కొత్తగా చేరినవాణ్ణి అనుకోండి మామయ్య గారూ, చెప్పండి" అన్నాను. ఆయన వణికే వేలితో చూపించారు, నేను చేశాను. సాయంత్రానికి మూడో గేరు నిలబడింది. చప్పుడు విని వచ్చిన పక్కింటాయనతో, "అంతా అల్లుడు గారేనండి, ఒంటిచేత్తో చేశారు" అన్నారు. నేను కాదనలేదు. పెద్దవాళ్ల మాట కాదనకూడదు కదా.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీ పొడుగునా మూడో గేరు బుద్ధిగా నిలబడింది. బొబ్బర్లంక దగ్గరపడుతుండగా వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది.

"కాఫీ తాగుదామా అండీ?"

బండి పక్కకు తీసి ఆపేశాను. రోడ్డు మీదే గొంతుక్కూర్చుని నట్లు ఒక్కొక్కటీ తడిమాను, ఆయిలు కారుతోందేమోనని కింద వేలు పెట్టి చూశాను. ఏమీ దొరకలేదు.

"ఈసారి ఏం తిరగేశానండీ? మొహమాటపడకుండా చెప్పేయండి" అన్నాను.

ఆయన రోడ్డు పక్కనున్న కాఫీ కొట్టు వైపు చూస్తున్నారు.

"బండికేం లేదండీ. ఇక్కడికొచ్చేసరికి మీ అత్తగారు కాఫీ అడిగేది."

కొట్టువాడు పంచదార దారుణంగా పోశాడు. బాగుందండీ అన్నారాయన. చాలా బాగుందండీ అన్నాను నేను.