హెల్మెట్ పెట్టుకున్న మన అంపైర్ బాబ్జీ

నిన్న పొద్దున ఫోన్ వచ్చేసరికి నేను యానాంలో, మందు షాపు ముందు ఉన్నాను.

"బాబ్జీ పోయాడు బావా" అన్నాడు మా చెల్లెలి మొగుడు.

"పొద్దున్నే ఏంటి బావా ఈ జోకులు?" అన్నాను.

ఊరందరికీ దొంగ కబుర్లు చెప్పి ఏడిపించేవాణ్ణి కదా, ఇన్నాళ్లకి నాకే తిప్పికొట్టారనుకున్నాను.

అవతల ఏడుపు వినబడింది.

బాబ్జీ వాళ్ల కొడుకు, నా మేనల్లుడు. ఇరవై నిండలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

చిన్నప్పుడు వాడికి జ్వరం పట్టుకుని వదల్లేదు. కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు పగిలాయి. అమ్మవారనుకుని వేపాకులు కట్టాం. తర్వాత వేళ్ల చివర తోలు ఊడింది.

రాజమండ్రిలో పిల్లల డాక్టరు గారు చూసి కవాసాకి జబ్బన్నారు. రక్తనాళాలు వాచిపోతాయట. ఖరీదైన ఇంజక్షన్ సెలైన్‌లా ఎక్కించారు. చాలామంది పిల్లలకు దాంతోనే తగ్గుతుందట.

మావాడికి తగ్గలేదు. మళ్లీ ఎక్కించారు. మొండి వెధవ, అప్పుడూ తగ్గలేదు.

వేరే మందులతో జ్వరం దిగేసరికి, గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు బుడగల్లా ఉబ్బిపోయాయి.

ఇక రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు. పరుగెత్తకూడదు. దెబ్బ తగలకూడదు, తగిలితే రక్తం ఆగదు.

వాడికేమో క్రికెట్ పిచ్చి.

"పరుగెత్తొద్దన్నారు గానీ, నిలబడొద్దనలేదు కదే" అని మా చెల్లితో తగువుపడి వాణ్ణి అంపైర్‌ని చేశాను.

"నెత్తిన హెల్మెట్ ఉంటేనే అన్నయ్యా" అంది.

కోతలైన చేలో, టెన్నిస్ బంతి ఆటకి, నా స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ అంపైర్ రెండు గోదావరి జిల్లాల్లో ఇంకొకడుంటే చూపించండి.

మొదటి మ్యాచ్‌లోనే నన్ను ఔటిచ్చాడు. కీపర్ క్యాచ్.

"బ్యాట్‌కి తగల్లేదురా! ఆ హెల్మెట్‌లో నీకేం వినబడుతుంది?" అని ఎగిరాను.

"బ్రహ్మాండంగా వినబడిందండి మావయ్యా. తమరు దయచేయండి."

ఎత్తిన వేలు దించలేదు. చిన్నప్పుడు తోలు ఊడిన వేలే అది. మన ఆటగాళ్లు మీరంతా గట్టు మీద పడి నవ్వుతూ దొర్లారు, గుర్తుందా?

ఆ తర్వాత మన చేలో ఔట్ గురించి కొట్లాటే లేదు. వాడు మాత్ర మానలేదు, మ్యాచ్ మానలేదు.

నిన్న సాయంత్రం కాటి నుంచి వచ్చాక చెల్లి ఆ హెల్మెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆదివారం ఆట ఆపకండన్నయ్యా. వాడి చోట నువ్వు నిలబడు."

నేనా? తొండికి పేరుపడ్డవాణ్ణి!

నిలబడతాను. ఒక్క దొంగ ఔట్ ఇస్తే అక్కడే పట్టుకుని తన్నండి.

వెళ్లిరా అల్లుడూ. అక్కడ నిన్ను పరుగెత్తొద్దనేవాళ్లు ఉండరు. హాయిగా ఉండు.